మామ ఎత్తుకున్న స్వరం

మొన్న గురువారం పొద్దున మా మామ పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "సన్నాయి ఊదంగ నా కోడలి ఊపిరి ఎన్నడు తెగలే అని అయిజ ఊరంత చెప్పుకుంట తిరిగెటోడమ్మా." అది నిజం కాదు. ఒకసారి తెగింది.

మామ పెళ్లిళ్లకు సన్నాయి ఊదేవాడు. కొడుకు, అంటే నా పెనిమిటి, ఇళ్లు కట్టే సుతారి పనికని పుణె పోయాడు, విద్య ఎవరికివ్వాలో ఆయనకు తెలియలేదు. బియ్యం చెరుగుతూ నేను తీసిన కూనిరాగం విని, ఓ రోజు చెంబెడు నీళ్లు, బొప్పాయి కాడ నా ముందు పెట్టాడు.

"నీళ్లల్ల ఊదు. బుడగలు ఆగొద్దు. ముక్కుతోని గాలి గుంజుకుంట, బుగ్గలల్ల దాసిన గాలిని వదులు."

"గదెట్లయితది మామా?"

"అయితది తీ. నాకు మూడు నెలలు పట్టింది."

నాకు ఐదు పట్టింది. కూరలు మాడాయి, మూతి వాచింది. "ఆడిది సన్నాయి ఊదితే పెండ్లికెవరు పిలుస్తరు?" అని అత్త గొణిగేది. మామ మాత్రం రోజూ కొత్త కాడ కోసుకొచ్చేవాడు.

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో ఒక పెళ్లివారితో తేల్చి చెప్పాడు: "నా కోడలు ఊదుతది. లేకుంటే నేను గూడ రాను." దాంతో ఆయన పరువంతా నా బుగ్గల్లోకి వచ్చింది. పుస్తె కట్టే వేళ సన్నాయి ఆగితే అపశకునమంటారు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి కన్నీళ్లు చూసి నా ఊపిరి తెగింది. పక్కన తన సన్నాయితో శ్రుతి పట్టుకుని కూర్చున్న మామ, నేను వదిలిన చోటనే స్వరం ఎత్తుకున్నాడు. పందిట్లో ఎవరికీ తెలియలేదు.

ఇంటికి వస్తూ ఏడ్చాను.

"ఏడుస్తవెందుకు బిడ్డా? ఇద్దరం కూసునేది గందుకే. రేపు నాది తెగుతది, నువ్వు ఎత్తుకో."

నాలుగేళ్లకు గద్వాల పెళ్లిలో, పుస్తె కట్టే వేళకే ఆయనది తెగింది. అప్పటికే ఆయాసం మొదలైంది. నేను ఎత్తుకున్నాను. తర్వాత పెళ్లి పెద్దలు ఆయనకు శాలువా కప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. "పుస్తె కట్టినప్పుడు ఊదింది నేను గాదు, నా కోడలు. ఆమెకు కప్పుండ్రి." నా తప్పు కడుపులో దాచుకున్న మనిషి, తన తప్పు నలుగురిలో చెప్పాడు. నాకెంత గర్వమనిపించిందో.

గురువారం ఆయన పాడె ముందు నేనే ఊదాను. వీధి మలుపులో ఊపిరి తెగింది. అలవాటుకొద్దీ పక్కకు చూశాను. ఎవరూ లేరు. వదిలిన చోటనే, మళ్లీ నేనే ఎత్తుకున్నాను.