రేకు మీది నంబరు

మొన్న సోమవారం నంద్యాలలో క్లాసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ఆళ్లగడ్డలో మా ఎదురింటి తాత తెల్లవారుజామున నిద్రలోనే పోయాడంది. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆయన నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. అందులో ఒక్క నంబరు ఎదుట మాత్రం ఇంకా ఏమీ రాయలేదు.

కాలేజీల ముందు నిలబెట్టిన పాత యుద్ధవిమానాలు మీరూ చూసే ఉంటారు. తాత వైమానిక దళంలో అలాంటి జెట్లు బాగుచేసే మెకానిక్. ఉద్యోగం ముగిశాక ఊరికొచ్చి, తమ్ముడి శిల్పాల షెడ్డులో దేవుడి విగ్రహాలను రుద్ది నునుపు చేసేవాడు. సాయంత్రం చేతులకంటిన రాతిపొడి కడుక్కుని నోటుబుక్కు తీసేవాడు. ఆయన పనిచేసిన విమానాల నంబర్లన్నీ అందులో ఉన్నాయి. ఏది గేటు ముందు నిలబడింది, ఏది మూతపడిన ఎయిర్‌ఫీల్డులో టార్పాలిన్ కింద ఉంది, ఏది తుక్కయింది, అన్నీ కనుక్కుని రాసుకునేవాడు. చూపు మందగించాక ఆ రాత నాకు అప్పజెప్పాడు.

మొదటిరోజు నేను ఒకదాని గురించి "వీరుడిలా నిలిచి ఉంది" అని రాశాను. చదివించుకుని నవ్వాడు.

"అది నీకు చెప్పిందా? ఉంటే ఉందని రాయి. లేకుంటే లేదని రాయి. తెలీకుంటే తెలీదని రాయి, సిగ్గేముంది."

పెద్ద మాటల మోజులో ఉన్న నాకు ఆ మూడూ చప్పగా అనిపించాయి. వాటి బరువు తర్వాత తెలిసింది.

ఆ ఒక్క నంబరు ఎదుట మాత్రం ఏమీ రాయనిచ్చేవాడు కాదు. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టి ఆ విమానాన్ని పంపింది ఆయనే. అది తిరిగి రాలేదు. నడిపిన కుర్రవాడూ రాలేదు. విచారణలో తాత తప్పేమీ లేదని తేల్చారట. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పాడు, విగ్రహాన్ని రుద్దుతూ, తలెత్తకుండా.

పోయిన నెల ఆయన పాత స్నేహితుడొకడు మూతపడిన ఓ ఎయిర్‌ఫీల్డు నుంచి ఫోటో పంపాడు. వరసలో ఉన్న ఒక జెట్ తోక మీద అదే నంబరు. తాత ఫోన్ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఒక్కొక్క అంకే కూడబలుక్కున్నాడు.

"రంగుతో ఎవురైనా రాస్తారు పాపా," అన్నాడు చివరికి. "చక్రం గూట్లో చిన్న రేకుంటాది. దాని మీద చెక్కిన నంబరు చూడమను."

ఆయన పోయే ముందు శుక్రవారం ఆ రేకు ఫోటో నా ఫోనుకు వచ్చింది. వేరే నంబరు. ఎప్పుడో ప్రదర్శనకు పెట్టినప్పుడు ఎవరో ఈ అంకెలు పూసినట్టున్నారు. శనివారం ఇంటికెళ్లాను గానీ ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఫోటో ఇంకా రాలేదన్నాను.

తాత నా మొహంకేసి చూశాడు. "పోనీలే. ఆ పొద్దు గూడా అది తిరిగొస్తాదని నేను శానాసేపు ఆకాశం చూస్తా నిలబడినా," అన్నాడు. తర్వాత నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఇంక నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు.

నిన్న షెడ్డులో ఆయన కూర్చునే బండ మీద కూర్చుని, ఆ నంబరు ఎదుట "లేదు" అని రాశాను. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట అది.

అక్కడ ఆ ఎయిర్‌ఫీల్డులో మాత్రం, తనది కాని నంబరు తోక మీద మోస్తూ, రన్‌వే వైపు ముక్కు పెట్టి, ఒక విమానం నిలబడే ఉంది.