అమ్మ పక్కన పాతిన పెట్టె

కహురంగి నలభై ఏళ్లు వైరోవా ఊరి చుట్టుపక్కల గొర్రెల షెడ్లలో ఉన్ని ఏరింది. నోరు దురుసు, మాట మాత్రం ఒక్కటే. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ తీసేయాలన్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: ఒంట్లోంచి కోసింది మట్టికే చేరాలి, ఒక్క పీలిక కూడా ఆసుపత్రిలో ఉండకూడదు. ఒంటి ముక్క ఏదైనా నేలలోకే చేరాలనేది మావోరీల ఆచారం, వాళ్లింట్లో ఇది వేరే చెప్పాల్సిన పనే లేదు. తను మంచం మీద ఉంది గనక ఆసుపత్రి నుంచి దాన్ని తెచ్చే పని తమ్ముడు రావిరికి అప్పగించింది. అతను చెక్కపెట్టె తెచ్చాడు. అందరూ పాట పాడి, దాన్ని అమ్మ సమాధి పక్కన పాతారు. అప్పట్నుంచి ఆదివారం వస్తే చాలు, వెళ్లి దాంతో కాసేపు మాట్లాడి, శ్మశానం గేటు దగ్గర చేతులు కడుక్కుని వచ్చేది.

రెండేళ్లకు డాక్టరమ్మ పిలిపించింది.

"జబ్బు తిరగబెడుతుందో లేదో అంచనా వేసే పరీక్ష ఒకటి వచ్చిందమ్మా. మా దగ్గరున్న మీ గడ్డతో చేసి చూశాం."

"నా గడ్డ మీ దగ్గరెందుకుంటుంది? మా అమ్మ పక్కనుంది."

డాక్టరమ్మ తెల్లబోయింది. "మీరు మనసు మార్చుకున్నారని మీ తమ్ముడు చెప్పారే."

ఆ తర్వాతి మాటలు కహురంగికి సగమే చెవికెక్కాయి. గడ్డ లోపలికి ఒంటి కాపలా కణాలు బోలెడు చేరాయట. అందులో పోరాడేవి కొన్నేనట, వాటిని ఆపి కూర్చోబెట్టేవే ఎక్కువట. అలాంటి గడ్డ తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువ గనక సోమవారం నుంచే మందు మొదలుపెట్టాలట. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? లోపలా అదే, బయటా అదే.

రావిరి కారు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పెట్టెలో ఏం పెట్టావురా?"

"ఏటి రాయి. జబ్బు మళ్లీ వస్తే చూసుకోడానికి గడ్డ ఉండాలని డాక్టర్లన్నారక్కా. నువ్వు ఒప్పుకోవని..."

"అందుకని నా మాట నువ్వే మాట్లాడేశావు."

"ఉంచబట్టేగా ఇవాళ తెలిసింది."

"నన్నడిగుంటే నేనే ఉంచమనేదాన్నేమో. అడిగావా? రెండేళ్లు రాయికి కబుర్లు చెప్పించావు కదరా నాచేత."

ఆసుపత్రికి వెళ్లాలంటే ఆమెకున్నది రావిరి కారే. సోమవారం పొద్దున అతను వచ్చేసరికి కహురంగి వాకిట్లో నిలబడి ఉంది. గోళ్ల నిండా మట్టి, చేతిలో అమ్మ పక్కనుంచి తవ్వి తెచ్చిన ఏటి రాయి. కారు ముందు తలుపు తీసి, తను కూర్చునే సీట్లో రాయిని పెట్టి బెల్టు బిగించింది. తను వెనక కూర్చుంది.

"నువ్వు తెచ్చింది దీన్నేగా. దీంతోనే మాట్లాడుకో."