బర్నబాస్ మాస్టారి జూలో సింహం లేదు

రేపల్లెలో బర్నబాస్ మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏది కనబడినా "ఎన్ని మిగిలాయి?" అని అడుగుతారు. హోటల్లో కూర్చుంటే ఇడ్లీ మెత్తగా ఉందా అని అడగరు, ఎన్ని మిగిలాయని అడుగుతారు. ఒక్కటే ఉందంటే ఇక దాన్ని తినడానికి ఆయనకు మనసొప్పదు. "ఒక్కటే మిగిలిందంటున్నావు, ఎలా తినమంటావయ్యా?" అని సర్వరును కోప్పడి పూరీ తెప్పించుకుంటారు.

లూథరన్ చర్చిలో పాత కీర్తనలు పుస్తకం చూడకుండా పాడగలిగేవాళ్ళు ఎంతమంది మిగిలారో పాస్టరుగారికి తెలియదు, మాస్టారికి తెలుసు. నలుగురు. ఆ నలుగురిలో ఎవరు దగ్గినా ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళి కరక్కాయ ముక్క చేతిలో పెట్టి వస్తారు. గిన్నెలకు కళాయి వేసేవాడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కొల్లూరులో ఒక్కడే మిగిలాడని తెలిసిన రోజున ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కారు. ఆయన భార్య దేవకుమారి టీచరు గుమ్మానికి అడ్డం నిలబడి, "అవి స్టీలువండీ, స్టీలుకి కళాయి ఏంటండీ?" అని మొత్తుకుంది. ఆయన వినలేదు. కళాయి వేసే ఆసామి కూడా స్టీలు గిన్నెలు చూసి భయపడి, టీ తాగించి పంపేశాడు.

హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇలాంటి మనిషి చేతికి 2005లో ఎవరో జంతు ప్రదర్శనశాల నడిపే కంప్యూటర్ ఆట ఒకటి అందించారు. ఇక రేపల్లెకు శాంతి లేకుండా పోయింది.

ఆ ఆట ఆడటానికి ఆయన వచ్చేది స్టేషన్ రోడ్డులో ఉన్న అఫ్రోజ్ నెట్ సెంటర్‌కి. అంతకుముందు అది అఫ్రోజ్ తండ్రి జాన్ సైదా నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక మిషన్లు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టారు. కూతురు డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి ఇంటికి వచ్చిన రోజే జాన్ సైదా ఆనందం పట్టలేక బోర్డు రాయించేశాడు: ప్రొ. షేక్ అఫ్రోజ్, బి.ఎస్సీ. రెండు నెలల తరవాత ఫలితాలొచ్చాయి. మిగతా పేపర్లన్నీ పోనిచ్చాయి గానీ, జువాలజీ ఒక్కటీ అఫ్రోజ్‌ను పట్టుకుంది. తరవాత రెండుసార్లు రాసింది, రెండుసార్లూ జువాలజీ అదే పని చేసింది.

"బోర్డు చెరిపించు అబ్బా, సిగ్గుగా ఉంది" అంటే జాన్ సైదా ఒప్పుకోడు. "పెయింటర్ చాలా బాగా రాశాడమ్మా. చెరిపితే గోడ పాడైపోద్ది" అంటాడు. ఊళ్ళో వాళ్ళకు ఇది తెలిసి, నెట్ సెంటర్‌కి ఎవరొచ్చినా "బియ్యస్సీ గారూ, ఓ గంట ఇవ్వండి" అని పిలవడం మొదలుపెట్టారు. అది మర్యాదో వెక్కిరింతో మొహం చూసినా తెలిసేది కాదు. అఫ్రోజ్ మాత్రం జువాలజీ పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి అటక మీదికి విసిరేసింది. తన ఎదుట ఆ మాట ఎత్తినవాళ్ళ కంప్యూటర్ ఆపేస్తానని చెప్పింది. పదో తరగతిలో తనకు పాఠం చెప్పిన బర్నబాస్ మాస్టారు "సాయంత్రాలు కాసేపు కూర్చుందామా అమ్మాయ్, పేపరు గట్టెక్కుద్ది" అంటే కూడా, "మీరు ఆట ఆడుకోండి సార్. నా జోలికి రాకండి" అని నిక్కచ్చిగా చెప్పేసింది.

మాస్టారు సరేనని మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఆ ఆటలో అందరూ మొదట సింహాన్ని పెడతారు, తరవాత ఏనుగుని, జిరాఫీని. జనం బొమ్మలు టికెట్లు కొనుక్కుని లోపలికి వచ్చి, నచ్చితే నవ్వుతాయి, నచ్చకపోతే మొహం మాడ్చుకుంటాయి. మాస్టారు ఒక్కొక్క జంతువు మీదా బాణం గుర్తు పెట్టి "ఎన్ని మిగిలాయి?" అని అఫ్రోజ్‌ను నెట్‌లో వెతకమనేవారు. లెక్క వేలల్లో ఉంటే "అక్కర్లేదు, ఇది బతికేస్తుంది" అని వదిలేసేవారు. వందల్లో ఉంటేనే ఆయన జూలో సీటు. ఈ లెక్కన జూలో మిగిలినవి పొదల్లో దాక్కునేవి, పగలంతా నిద్రపోయేవి, మంచులో కలిసిపోయి కనబడనివి. జనం బొమ్మలు ఒక్కటీ నవ్వేది కాదు.

రైసు మిల్లు బసవేశ్వరరావు గారు ఓ రోజు ఏదో ఫారం ప్రింటు కోసం వచ్చి, మాస్టారి భుజం మీంచి తొంగి చూశారు.

"మాస్టారూ, సింహం ఏదండీ?"

"లేదండి."

"సింహం లేని జూ ఏంటండీ! మా మిల్లు గేటు మీద కూడా రెండున్నాయి."

"అందుకే పెట్టలేదండి. ఎక్కడ చూసినా అవే కదా."

"మరి ఈ బోనులో ఏముంది? ఖాళీగా ఉందే?"

"ఉందండి. మనల్ని చూసి చెట్టు వెనక్కి వెళ్ళింది."

బసవేశ్వరరావు గారు పది నిమిషాలు నిలబడి చెట్టును చూశారు. తరవాత తెరలో ఉన్న జనం బొమ్మల్లాగే మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు.

అన్నిటికన్నా మాస్టారిని కలచివేసిన విషయం ఏమిటంటే, ఆ ఆటలో బావురుపిల్లి లేదు. లంకెవానిదిబ్బ వైపు మడ అడవుల్లో నీళ్ళలోకి దూకి చేపలు పట్టుకునే మచ్చల పిల్లి అది. తన కళ్ళతో తాను ఒకే ఒక్కసారి చూశారు, అదీ తోక మాత్రమే. ప్రపంచంలో ఉన్న పిల్లులన్నిటికీ చోటిచ్చి రేపల్లె తాలూకా పిల్లికి ఇవ్వకపోవడం ఆయనకు అవమానంగా తోచింది. "అయ్యా, తమ దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి ఆరు పేజీల అర్జీ రాశారు. హెడ్మాస్టరు చేత అటెస్టేషన్ చేయించారు. సీడీ అట్ట మీద ఉన్న అడ్రసుకి రిజిస్టరు పోస్టులో పంపి, అందినట్టు సంతకం కోసం కార్డు కూడా జతచేశారు.

ఆ సీడీ విజయవాడలో కొన్న నకలు సీడీ. అట్ట మీద ఉన్నది నకళ్ళు తీసే కొట్టు అడ్రసు. ఇరవై రోజులకు జవాబు రానే వచ్చింది. "అయ్యా, తమరు అడిగిన పిల్లి మా దగ్గర స్టాకు లేదు. కార్ల రేసు, క్రికెట్టు ఉన్నవి. పంపమంటారా?"

అఫ్రోజ్ పడీపడీ నవ్వింది. మాస్టారు మాత్రం ఉత్తరం జాగ్రత్తగా మడిచి, "చూశావా, జవాబైతే ఇచ్చారు. మర్యాదస్తులు" అన్నారు.

నవ్వినందుకు జాలేసి అఫ్రోజే దారి వెతికింది. ఆ ఆట పిచ్చిలో ఉన్నవాళ్ళు కొందరు కొత్త జంతువుల్ని సొంతంగా తయారుచేసి ఆటలో కలుపుకుంటారట. వాళ్ళంతా కబుర్లు చెప్పుకునే చోటు నెట్‌లో దొరికింది. మాస్టారికి ఈమెయిల్ పెట్టించింది. నెదర్లాండ్స్‌లో ఉన్న ఒకావిడ, బావురుపిల్లి వివరాలు పంపితే తాను చేసిపెడతానంది. మాస్టారు ఆ రాత్రి భోజనం చేయలేదని దేవకుమారి టీచరు చెప్పింది. సంతోషం వల్లనట.

సరిగ్గా ఆ వారంలోనే పేపర్లో ప్రకటన పడింది. పాత సిలబస్ వాళ్ళకు వచ్చే మార్చి నెలే ఆఖరి అవకాశం. ఆ తరవాత మిగిలిపోయిన పేపర్లు రాసే వీలుండదు, కొత్త సిలబస్‌లో మూడేళ్ళూ మొదటి నుంచి చదువుకోవాలి. జాన్ సైదా కూతురితో మాటమాత్రం చెప్పకుండా దరఖాస్తు పెట్టేశాడు. అఫ్రోజ్ తండ్రితో రెండు రోజులు మాట్లాడలేదు. నాలుగోసారి ఫెయిలై ఊరి నోట్లో పడటం కన్నా రాయకుండా ఉండటం నయమని ఆమె పట్టుదల. లోపల మాత్రం ఏడుపొచ్చేంత భయం.

మాస్టారు ఈ గొడవలో అస్సలు కలగజేసుకోలేదు. ఆయనకు పిల్లి పని ఉంది.

"అమ్మాయ్, ఆవిడ వివరాలడిగింది. నాకు చెయ్యి వణుకుతోంది, కాస్త రాసిపెట్టు. బొమ్మ కూడా వెయ్యి, స్కాన్ చేసి పంపుతా."

"ఏం అడిగింది సార్?"

"బావురుపిల్లి ఏం తింటుందని."

"చేపలు."

"అంతేనా? చేపకి మొప్పలెలా పనిచేస్తాయో అడిగింది. గుండెకి గదులెన్నో."

అఫ్రోజ్ అటక మీంచి గోనెసంచి దింపాల్సి వచ్చింది. దింపుతూ, "ఇది పిల్లి కోసం. పరీక్ష కోసం కాదు" అని తండ్రికి వినబడేలా అంది.

మర్నాడు మాస్టారు కప్ప గుండెతో వచ్చారు. బావురుపిల్లి కప్పల్ని కూడా తింటుందట. ఆ తరవాత రొయ్య. రొయ్య తరవాత పాము. నెదర్లాండ్స్ ఆవిడ ఆకలి రోజురోజుకీ పెరిగింది. పిల్లి పిల్లలకు మచ్చలెలా వస్తాయని మొదలుపెట్టి జన్యుశాస్త్రం మొత్తం అడిగింది. పిల్లి కోడిని ఎత్తుకుపోతుంది కనుక గుడ్డులో కోడిపిల్ల ఇరవై ఒక్క రోజులూ ఎలా పెరుగుతుందో అడిగింది. రాసిన ప్రతి కాగితం మీదా మాస్టారు ఎర్ర సిరాతో దిద్దేవారు. "ఇది రెండు పేజీలే ఉంది. ఆవిడకి నాలుగు పేజీలకు తగ్గితే నచ్చదు. పటంలో భాగాలు గుర్తించకపోతే అసలే నచ్చదు" అనేవారు.

ఒకనాడు లివర్ ఫ్లూక్ దగ్గర అఫ్రోజ్ తిరగబడింది.

"సార్, అది గొర్రె కార్జంలో ఉండే పురుగు. పిల్లికేంటి సంబంధం?"

"మడ అడవి అంచున గొర్రెలు మెయ్యవా?"

"మేస్తే?"

"మేస్తే పిల్లి చూడదా? చూసినదాని గురించి ఆవిడ తెలుసుకోవద్దా?"

ఇంత పిచ్చి మనిషితో వాదించలేక అఫ్రోజ్ ఆ పురుగు పుట్టినప్పటి నుంచి పెద్దదయ్యేదాకా వేసే వేషాలన్నీ వరసగా రాసి, నత్తతో సహా బొమ్మలు గీసి ఇచ్చింది. నాలుగున్నర పేజీలు. మాస్టారు చదివి, "ఆవిడ సంతోషిస్తుంది" అని జేబులో పెట్టుకున్నారు.

ఫిబ్రవరి చివర్లో బావురుపిల్లి రానే వచ్చింది. మాస్టారు చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చి, జాన్ సైదాను, బసవేశ్వరరావు గారిని కూర్చోబెట్టి, నీళ్ళూ మడ చెట్లూ ఉన్న చోట దాన్ని వదిలారు. అది నీళ్ళు చూసింది, జనాన్ని చూసింది, మడ చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. జనం బొమ్మలు మామూలుగానే మొహం మాడ్చాయి. "అచ్చం అలాగే! నాకూ తోకే కనబడింది!" అని మాస్టారు చప్పట్లు కొట్టారు. బసవేశ్వరరావు గారు మాత్రం సింహం పెడితే స్వీట్లు తానే తెప్పిస్తానన్నారు.

పరీక్ష బాపట్లలో. వెళ్ళనని అఫ్రోజ్, వెళ్ళాలని జాన్ సైదా. ముందురోజు సాయంత్రం మాస్టారు వచ్చి, "రేపు నేను సూర్యలంక వెళ్తున్నా, సముద్ర తాబేళ్ళు ఒడ్డుకొస్తున్నాయట, ఎన్ని మిగిలాయో చూడాలి. బాపట్ల దాకా తోడుంటే బాగుండు" అన్నారు. తోడు కోసం వెళ్తానంది అఫ్రోజ్. హాల్లో ఊరికే కూర్చుని వచ్చేస్తానంది. పొద్దున్నే మొదటి బండిలో తెనాలి వెళ్ళి, అక్కడ బండి మారి బాపట్లలో దిగారు. కాలేజీ గేటు దగ్గర మాస్టారు సూర్యలంక ఆటో కోసమని రోడ్డు వైపు తిరిగారు.

పరీక్ష హాల్లో పాత సిలబస్ జువాలజీకి వచ్చింది అఫ్రోజ్ ఒక్కతే. ఇన్విజిలేటరు రెండుసార్లు లిస్టు చూసి, "మీరొక్కరేనామ్మా?" అన్నాడు, నిరుత్సాహంగా. కాపీ కొట్టడానికి పక్కన మనిషి కూడా లేదు కనుక ఆయనకు కాపలా కాసే పని కూడా పోయింది. ప్రశ్నపత్రం చేతికొచ్చింది. మొదటి ప్రశ్న లివర్ ఫ్లూక్ జీవితచక్రం. రెండోది కప్ప గుండె. మూడోది చదివేసరికి అఫ్రోజ్‌కు నవ్వాగలేదు. ఇన్విజిలేటరు కంగారుపడి "మంచినీళ్ళు కావాలామ్మా?" అన్నాడు. "వద్దండి" అని కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ ఆవిడ నిజంగా అడిగిన ప్రశ్నలెన్నో ఆమెకు ఇప్పుడు అనుమానమొచ్చింది. బహుశా నాలుగు. ప్రతి జవాబూ నాలుగు పేజీలకు తగ్గకుండా రాసింది, భాగాలన్నీ గుర్తించింది. ఆ పేపర్లో డెబ్బై నాలుగు రావడం తరవాతి సంగతి.

ఒంటిగంటకు బయటికి వస్తుంటే గేటు వాచ్‌మన్ కోటయ్య పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ పెద్దాయన మీ తాలూకానా? పొద్దుటి నుంచీ గేటు దగ్గరే. ఇంకెన్ని ప్రశ్నలు మిగిలుంటాయని నన్నడుగుతాడేంటమ్మా? నాకేం తెలుసు?"

మాస్టారు సోడాబండి నీడలో నిలబడి ఉన్నారు. చెప్పులకు ఇసుక రేణువు కూడా లేదు. అఫ్రోజ్‌ను చూడగానే ఎటో చూస్తూ నడిచి వచ్చారు.

"ఎలా రాశావమ్మా?" అని కూడా అడగలేదు. "ఇప్పుడే వచ్చా సూర్యలంక నుంచి" అన్నారు.

"తాబేళ్ళు కనబడ్డాయా సార్?"

"ఓ! పదకొండు. పదిన్నరకల్లా వరసగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోయాయి."

అఫ్రోజ్ ఆయన మొహంలోకి చూసింది. కోపం తెచ్చుకోవాలనుకుంది గానీ రాలేదు.

"సార్, అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేది రాత్రిళ్ళు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"కొన్ని బద్ధకపువి ఉంటాయి. నిద్ర లేచేసరికి పదిన్నరవుతుంది" అన్నారు.

"అయితే పరీక్షలో అడిగితే అలాగే రాయమంటారా?"

"రాస్తే సున్నా వేస్తా" అన్నారు మాస్టారు గబుక్కున. ఆ వెంటనే దొరికిపోయానని తెలిసి, సోడాబండి వాడి వైపు తిరిగి రెండు గోలీసోడాలు గట్టిగా కొట్టమన్నారు.