నల్లకోట్లు, వెంకటగిరి చీర

"...అప్పుడు కట్టుకోవద్దన్నదీ మీరే, ఇప్పుడు కట్టుకోమంటున్నదీ మీరే. మధ్యలో నన్నెవరైనా అడిగారా?"

"గొంతు తగ్గించు విద్యా. శనివారం నా పుస్తకం లాంచ్‌కి అఫ్గన్ పెద్దలొస్తున్నారు, మన తెలుగు సంఘం వాళ్లొస్తున్నారు. స్టేజి మీద నా పక్కన పట్టుచీరతో కూర్చోమన్నాను. అదీ తప్పేనా?"

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లోని ఆ ఇంటి వంటగదిలో వాసుదేవరావు కొత్త చీర పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. విద్యావతి గిన్నెలు కడుగుతోంది. కూతురు రుచిత టీ తాగుతూ ఇద్దర్నీ చూస్తోంది.

వాసుదేవరావుది తెనాలి. మెల్‌బోర్న్‌లో ఆసియా చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఒక్క రాజు మీదే పనిచేశాడు, ఈ పుస్తకమూ ఆయన మీదే. వందేళ్ల కిందట అఫ్గానిస్తాన్‌ని ఏలిన అమానుల్లా. ఆడపిల్లలకు బడులు పెట్టాడు, రాజ్యాంగం రాయించాడు. యూరప్ చూసొచ్చి, దేశం నలుమూలల నుంచి వచ్చిన పెద్దల చేత తలపాగాలు తీయించి, నల్లకోట్లు తొడిగించి సభలో కూర్చోబెట్టాడు. తిరుగుబాటు లేచాక తన ఆజ్ఞల్ని తనే రద్దు చేసుకున్నాడు. అయినా సింహాసనం నిలవలేదు. ఆ రాజును తలుచుకుంటే వాసుదేవరావుకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. మంచి చేయబోయి మనుషుల్ని పోగొట్టుకున్నాడని క్లాసులో చెప్పేవాడు.

ఇంట్లో తనూ తక్కువ చేయలేదు. వచ్చిన కొత్తలోనే భార్యకు కారు నేర్పాడు, ల్యాబ్ కోర్సులో చేర్చాడు. ఆమె ఉద్యోగం ఆ చదువు వల్ల వచ్చిందే. చీరలు మాత్రం ఈ దేశంలో పనికిరావని, ఆమె ఊళ్లో లేని వారంలో మూటగట్టి, దానంగా వచ్చిన పాతబట్టలు చవగ్గా అమ్మే ఆప్ షాప్‌లో ఇచ్చేశాడు. అవి అవసరమైన వాళ్లకి చేరతాయనుకున్నాడు.

"డాడ్, జస్ట్ సే సారీ," అంది రుచిత.

"దేనికమ్మా? పాత చీరలకా? కొత్తది తెచ్చానుగా!"

విద్యావతి కుళాయి కట్టేసింది.

"మీ డిపార్ట్‌మెంట్ హెడ్ గారింట్లో బార్బెక్యూకి వెళ్లాం, గుర్తుందా? సలాడ్ గిన్నెల కింద పచ్చ బట్ట పరిచారు."

"ఏమో. ఎన్ని బార్బెక్యూలని గుర్తుంటాయి?"

"మా అమ్మ వెంకటగిరి చీర. అంచు కత్తిరించి టేబుల్‌క్లాత్ చేసుకున్నారు. కొంగు మీద మామిడిపిందె దగ్గర చిన్న రఫ్ఫు కుట్టు ఉంటుంది, అది అమ్మ చేసిందే. దాని మీద బీట్‌రూట్ రసం ఒలికింది. మీరు ఆ ఇంటావిడతో, లవ్లీ ఫ్యాబ్రిక్, అన్నారు."

వాసుదేవరావు పెట్టెను బల్ల మీద పెట్టాడు. మూత సరిగ్గా పడలేదు. రెండుసార్లు నొక్కాడు.

"అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవారు? ఇంకో ఆర్డరు జారీ చేసేవారు."

బయట పక్కింటాయన లాన్ కోస్తున్నాడు. రుచిత లేచి తండ్రి భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

"కట్టుకోకపోయినా పర్లేదు," అన్నాడాయన చివరికి. "నీ ఇష్టం వచ్చింది వేసుకో. వచ్చి పక్కన కూర్చుంటే చాలు. నువ్వు లేకుండా ఆ పుస్తకం..."

విద్యావతి చేతులు తుడుచుకుని తువ్వాలును ఓవెన్ హ్యాండిల్‌కి తగిలించింది.

"శనివారం కిరణ్మయి షిఫ్టు నేను చేస్తానని ల్యాబ్‌లో చెప్పేశాను," అంది.