పాలసార్, ఒక గ్లాసు విరిగిన పాల తేట

మొన్న మెట్‌పల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేసి పాలసార్ పోయారని చెప్పాడు. కానీ ఆయన్ని తలచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వే వస్తుంది. ఏం చేయను, ఆయన బతికిన తీరే అలాంటిది.

ఆయన మా పక్కింటాయన. పాలకేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం. మా అమ్మను మేమంతా అవ్వ అనేవాళ్ళం, ఆయన అక్కా అనేవారు. ఇద్దరికీ షుగరే. అప్పట్లో ఇంట్లో రక్తపరీక్షలెక్కడివి? పరీక్షనాళికలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి కాచి చూడడమే. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఆకుపచ్చైతే కొంచెం, ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు.

ఎండాకాలం కేంద్రంలో విరిగిన పాలు చూసీ చూసీ ఆయనకో ఆలోచన వచ్చింది. ఇంట్లో నిమ్మరసంతో పాలు విరిచి, ఆ తేటను అన్నానికి ముందు ఒక గ్లాసు తాగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు తన నాళికలో రంగు తేలికపడిందని తెల్లారేసరికి మా గోడ దగ్గర హాజరు. ఇక అవ్వకూ తప్పలేదు. పుల్లగా ఉందని ఆమె మొహం చిట్లించినా వదల్లేదు. డాక్టరిచ్చిన షుగర్ గోళీలు మాత్రం మానొద్దని రోజూ చెప్పేవారు. అవ్వకు ఆ గోళీలంటేనే గిట్టదు మరి.

నెల తిరిగాక చూస్తే అవ్వ నాళిక ఇటుక రంగు. ఆమె చేయి తన కాలి మీదికి పోయింది. ఇదే జబ్బుతో మా పెద్దమ్మకు కాలు తీసేశారు, అదీ ఆమె భయం. సారేమో తన పిచ్చికి అక్కను బలిపెట్టానని తల పట్టుకున్నారు. అంతలో ఆయన చూపు స్టాండు మీద పడింది. కడిగి బోర్లించిన నాళిక అక్కడే ఉంది. చేతిలో ఉన్నది పొద్దున తేట కొలిచి పోసిన, ఇంకా కడగని నాళిక!

"పాలల్ల గూడ చక్కెర ఉంటది గదా అక్కా. గా రంగు నీది కాదు, పాలది" అన్నారు.

కడిగిన నాళికతో మళ్ళీ చూస్తే ఆకుపచ్చ, అంటే ముందటికంటే తగ్గినట్టే. నేనైతే ఎగిరి గంతేశాను. ఆయన వీధంతా తిరిగి చెప్పి వచ్చారు. వచ్చి కూర్చున్నాక, అది గోళీ పనో, రోజూ పొద్దున నడిచే నడక పనో, తేట పనో తనకే తెలియదని ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పోయినేడు ఒక మధ్యాహ్నం, ఒక్కో కాలికి ఒక్కో జతలోని చెప్పు వేసుకుని, ఏదో సైన్సు పత్రిక పట్టుకుని పరుగున వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు, నిలబడే చదివి చెప్పసాగారు.

"అక్కా, పాలల్ల మాంసకృత్తులు అరిగి చిన్న చిన్న ముక్కలైతయట. పెప్టైడ్లంటరు. ఒక్కో ముక్క ఒంట్ల ఒక్కో పని చేస్తదట. షుగర్‌కు సాయం జేసే ముక్క గూడ ఉండే ఉంటది, దొరుకుతది సూడు."

అవ్వ కళ్ళు మెరిశాయి. "అయితే గిప్పుడన్న గోళీ బంద్ జేయాల్నా సారూ?"

ఆయన చదవడం ఆపేశారు. పత్రిక చంకన పెట్టుకుని, తానే మా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చి, గోళీ ఆమె అరచేతిలో పెట్టారు.

"తేట గోళీకి తోడు మాత్రమే. మందు గిదే. మింగు."

మింగినట్టు అవ్వ నోరు తెరిచి చూపించింది. అప్పుడు పత్రిక తీసి, నిలబడే, మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదివారు.