దొర గడపలో తిరగలి

మా ఎల్మ్‌స్టో ఊళ్ళో గున్నిల్డ నోటికి జడవనివాళ్ళు ఇద్దరే. ఒకడు పుట్టు చెవిటివాడు, రెండోవాడు ఫుల్క్ దొర. చెవిటివాడికి వినబడదు. దొర వినడు.

ఆమె ఈ ఊరి కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి ఒక తిరగలి, ఒక నోరు. మొగుడు అడవిలో చెట్టు కొడుతుంటే ఆ చెట్టే మీద పడి పోయాడు. అప్పటికి కూతురింకా పాలు మానలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని నలుగురూ చెప్పారు. "ఒకడి వెట్టి చేస్తున్నాగా, ఇంకొకడిది కూడా ఎందుకు?" అని తలుపేసుకుంది. దొర పొలంలో వెట్టి పోను మిగిలిన రోజుల్లో తనకున్న కాసింత నేల తనే దున్నుకుని, కూతుర్ని పెంచి పెళ్ళి చేసి పంపింది.

వెట్టి ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. మా ఊళ్ళో ఎవరూ ఇంట్లో పిండి విసురుకోకూడదు, అదీ దొర కట్టడి. ఏ గింజయినా వాగు మీది దొరగారి మరలోనే ఆడించాలి, ఆడించినందుకు పిండిలో వాటా వదులుకోవాలి. మరవాడు దొర వాటా కొలిచేటప్పుడు బొటనవేలు గిన్నె బయట ఉండేది, మనకు కొలిచేటప్పుడు లోపలికి వచ్చేది. అందుకే ప్రతి ఇంట్లో గడ్డి కిందో పందుల దొడ్లోనో ఒక తిరగలి దాగి ఉండేది. గున్నిల్డ మాత్రం పొయ్యి పక్కనే, వచ్చేపోయేవాళ్ళకు కనిపించేలా పెట్టుకునేది. "దొంగ సొత్తయితే దాస్తాను. మా అమ్మ సొత్తు ఎందుకు దాస్తాను?" అనేది.

ఒక చలికాలం వాగు గడ్డకట్టి మర చక్రం ఆగిపోయింది. దాచినవి బయటికి తీస్తే వాగు కరిగాక దొర లాక్కుంటాడని జనానికి భయం. ఊరంతా మూటలు పట్టుకుని గున్నిల్డ గుమ్మంలో నిలబడింది. అప్పుడు మా ఊరి పిల్లల్ని బతికించింది ఆ రాయే. ఆ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఆ మరుసటేడు దేశంలోని దొరలంతా ఒక్కటయ్యారు. రాజు అడ్డూ అదుపూ లేకుండా పన్నులు పిండుతున్నాడనీ, తోచినవాడి కోట లాక్కుంటున్నాడనీ కత్తులు పట్టుకుని వెళ్ళి, థేమ్స్ ఒడ్డున పచ్చిక బయల్లో ఆయన చేత ఒక పత్రానికి ముద్ర వేయించుకున్నారు. ఫుల్క్ దొర ఆ గుంపులోనే ఉన్నాడు. తిరిగొచ్చాక ఊరంతటికీ బీరు పోయించాడు. ఆదివారం నాడు చర్చిలో ఆ పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా, మన భాషలో, ఒక్క ముక్క వదలకుండా చదవమని ఫాదర్ థర్స్టన్‌ను ఆజ్ఞాపించాడు.

ఫాదర్ చదువుతుంటే దొర రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. స్వేచ్ఛ గల ఏ మనిషి సొత్తునూ తోటివాళ్ళ తీర్పో దేశ చట్టమో లేకుండా రాజైనా ముట్టకూడదట. చివర్లో ఇంకొక మాట ఉంది. రాజు మాకు ఏ మర్యాద ఇచ్చాడో, మేమూ మా కింది మనుషులకు ఆ మర్యాదే ఇస్తాం అని. ఆ మాట దగ్గర గున్నిల్డ తల ఎత్తింది. దొర మాత్రం పైకప్పు కేసి చూస్తూ మీసం దువ్వుకుంటున్నాడు.

ఎండుగడ్డి కోతలు పూర్తి కాకముందే ఇళ్ళలో తిరగళ్ళన్నీ పట్టుకురమ్మని దొర మనుషుల్ని పంపాడు. రాజుతో గొడవకు ఖర్చయింది, మర రాబడి పెరగాలి. ఆ మనుషుల ముందు నడుస్తున్నవాడు మా ఊరి పెద్ద ఆస్బర్ట్, గున్నిల్డ మొగుడికి వరసకు తమ్ముడు.

"వదినా, గొడవ చెయ్యకు. ఇచ్చెయ్."

"తీర్పు ఎవరు చెప్పారయ్యా?"

"తీర్పేంటి?"

"తోటివాళ్ళ తీర్పు. ఆదివారం ఫాదర్ గారు చదివారుగా."

"అది దొరలకి వదినా. మనకి కాదు."

"మరి ఆ ఆఖరి మాట? అది చదివేటప్పుడు కునుకు తీస్తున్నావా?"

ఆస్బర్ట్ పొయ్యి వైపు చెయ్యి చూపించాడు. మనుషులు రాళ్ళు రెండూ మోసుకుపోయారు. గున్నిల్డ వాళ్ళ వెనకే నడిచి, దొర వాకిట్లో కొలువు తీరిన చోటికి వెళ్ళి నిలబడింది.

"దొరవారూ, రాజు మీ సొత్తు ముట్టకూడదంటే మీరు నా సొత్తు ముట్టకూడదు. ఆ మాట మీరే చదివించారు."

దొర పకపకా నవ్వాడు. "నువ్వు స్వేచ్ఛ గల మనిషివటే? నా నేలకు కట్టుబడి ఉన్న దానివి. సరే, ముచ్చట పడుతున్నావు కాబట్టి, తోటివాళ్ళ తీర్పే అడుగుదాం. ఏమర్రా, చెప్పండి!"

ఊరి తరఫున కొలువులో ప్రమాణం చేసేవాళ్ళు పన్నెండు మంది. అందరూ ఆ చలికాలం ఆమె గుమ్మంలో నిలబడ్డవాళ్ళే. ఒక్కడు తల ఎత్తితే ఒట్టు. చివరికి ఆస్బర్ట్ అందరి తరఫునా, "దొరవారి మాటే మా మాట" అన్నాడు.

"తూ! మీ నోళ్ళలోకి పోయింది నా రాయి విసిరిన పిండే కదర్రా, మాటెందుకు పెగల్లేదు?" అంది గున్నిల్డ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారనివ్వలేదు.

ఊళ్ళో దొరికిన తిరగళ్ళన్నీ దొర తన ఇంటి ముందు బండలుగా పరిపించాడు. గున్నిల్డ రాళ్ళను సరిగ్గా గడప దగ్గర వేయించాడు. వెట్టికి వచ్చినవాళ్ళంతా వాటిని తొక్కుకుంటూ లోపలికి పోవాలి. గున్నిల్డ తొక్కలేదు. నెత్తిన కట్టెల మోపున్నా, చేతిలో గుడ్ల బుట్టున్నా, చీలమండలు కనిపించేలా పావడా ఎత్తి ఆ రాళ్ళను దాటుకునే పోయేది. "ఏం, కాళ్ళు నొప్పా?" అని దొర మనుషులు వెక్కిరించేవాళ్ళు. "మా అమ్మను తొక్కే అలవాటు మా ఇంట్లో లేదు" అనేది. కొన్నాళ్ళకు మిగతా ఆడవాళ్ళు కూడా దాటడం మొదలుపెట్టారు. ఆఖరికి ఆస్బర్ట్ పెళ్ళాం కూడా.

దొరల చిత్తం చెట్ల నీడ అంటారు. రాజు చిత్తానికి ఆ చెట్టు కూడా లేదు. ఆకులు రాలేసరికి ఇచ్చిన మాటంతా రద్దన్నాడు. ఆయన కిరాయి సైన్యం దొరల ఊళ్ళ మీద పడింది. మేము గింజల మూటలు నెత్తిన పెట్టుకుని అడవిలోకి పారిపోయాం. తిరిగొచ్చేసరికి మర బూడిదైంది, దొర ఇంటి కప్పు కూలింది, గుర్రాలూ గొర్రెలూ పోయాయి. దొర మనుషులు ఎటు పోయారో తెలియదు. అయినా దొర తిరిగొస్తాడన్న భయంతో వాకిట్లో రాళ్ళను ఎవరూ ముట్టలేదు.

ఒక ఉదయం ఫుల్క్ దొర ఒక్కడే, కాలినడకన, మోకాళ్ళ దాకా బురదతో గున్నిల్డ గుమ్మంలోకి వచ్చాడు. అప్పటికి ఊరు సగం అక్కడే ఉంది, ఉడకబెట్టిన గింజలు నములుతూ.

"గున్నిల్డా, రొట్టె ఉందా?"

"గింజలున్నాయి దొరా. రొట్టెకి పిండి కావాలి. మర కాలిపోయింది. తిరగలి మీ గడపలో ఉంది."

దొర గుమ్మంలోనే కూలబడ్డాడు. "నా ఇల్లు, నా గుర్రాలు, అన్నీ పట్టుకుపోయారే! ఒక తీర్పు లేదు, అడిగినవాడు లేడు!"

"అవునా? అలా చేస్తే కడుపు మండుతుందా దొరా?"

ఎవరూ నవ్వలేదు. గున్నిల్డ మూలనున్న గునపం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని లేచాడు.

ఊరంతా చూస్తుండగా తన గడప తనే తవ్వాడు. సాయానికి ఆస్బర్ట్ పరిగెత్తబోయాడు. "నువ్వు కూర్చోవయ్యా. పరిపించినవాడే పెకలించాలి" అని గున్నిల్డ ఆపింది. ఒక్కో రాయీ పొట్టకు ఆనించుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ దొర మోసుకొచ్చాడు. గున్నిల్డ కింది రాయి కడిగింది, పై రాయి ఎక్కించింది, పిడి బిగించింది, గుప్పెడు బార్లీ పోసింది.

"విసరండి."

దొర చేతులు పిడికి కొత్త. గింజలు సగం బయటికే చిందాయి. పిల్లలు ఏరి మళ్ళీ పోశారు. మొదటి రొట్టెలు పిల్లలకు, ముసలివాళ్ళకు పెట్టింది. వరస దొర దగ్గరికి వచ్చినప్పుడు రొట్టె చేతిలోనే ఉంచుకుని అడిగింది.

"ఈ రాయి ఎవరిది?"

"నీది."

"గట్టిగా చెప్పండి. ఆస్బర్ట్‌కి వినబడలేదు."

"నీదే, గున్నిల్డా."

"విన్నారుగా పన్నెండు మందీ? ఇదీ తీర్పంటే," అని రొట్టె ఆయన చేతిలో పెట్టింది.

తర్వాత రాజు పోయాడు, యుద్ధం ఆగింది, దొర ఇంటికి కొత్త కప్పు వచ్చింది, వాగు మీద కొత్త మర లేచింది. మరవాడి బొటనవేలు మాత్రం పాతదే. కానీ ఇళ్ళలో రాళ్ళ కోసం ఎవరినీ పంపడానికి దొర సాహసించలేదు. మిగతావాళ్ళు వాకిట్లోంచి తమ తమ రాళ్ళు పెకలించి తెచ్చుకున్నారు. గున్నిల్డ తన తిరగలిని పొయ్యి పక్క నుంచి గుమ్మం బయటికి మార్చింది. బతికినన్నాళ్ళూ, దొర గుర్రం డెక్కల చప్పుడు వినబడగానే చేతిలో పని వదిలేసి, బయట కూర్చుని విసిరేది.