మైనస్ పడిన ఓట్లు

మొన్న ఆదివారం, ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతున్న మా అక్క మనవరాలు సంచీ నిండా చీనీకాయలు మోసుకుని ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. ఏమైంది తల్లీ అని అడిగితే, కంప్యూటరును అడుగునుండి నడిపించే కెర్నల్ ఒక అంకెకు ఎనిమిది బైట్ల చోటు ఇస్తుంటే, తను రాసిన ప్రోగ్రాము అదే అంకెను నాలుగు బైట్లలో అందుకుంటోందని, అందుకే లెక్క తప్పుతోందని విసుక్కుంది. ఆ చోటు చాలకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఆ పిల్లకు తెలియదు.

మన ఈడువాళ్లకు సీమలో ముఠాకక్షల నాటి ఎన్నికల రోజులు గుర్తుండే ఉంటాయి. జీపులు వరసగా ఊళ్లోకి వస్తే పట్టపగలే అంగళ్ల తలుపులు పడేవి. నేనప్పుడు జమ్మలమడుగు నుండి రోజూ బస్సులో వచ్చి ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఆ ఏడు ఓట్ల లెక్కింపు ఒక కాలేజీలో పెట్టి, అధికారులు కాగితాల మీద లెక్క తేల్చుకుంటుంటే, రౌండు రౌండుకూ మొత్తాలను బయట జనానికి టీవీలో చూపించే పని మా సెంటరుకు అప్పగించారు. ప్రోగ్రాము నేనే రాశాను. యంత్రం కొత్తది, దాని కెర్నల్ అంకెకు నాలుగు బైట్లు ఇచ్చేది; నా ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు మాత్రం పాతది, విడిగా అడగకపోతే అది ఇచ్చేది రెండు బైట్లే. రెండు బైట్లలో ముప్పైరెండు వేల ఏడువందల అరవైయేడు దాకానే పడుతుంది. అది దాటితే నిండిన గిన్నెలా పొర్లి, అంకె మైనస్ వైపుకు తిరిగిపోతుంది. పుస్తకంలో చదివిన సంగతే; కానీ పంచాయతీ ఓట్ల లెక్కలతో సరిచూసి, అంతా బాగుందని మురిసిపోయిన దాన్ని, ఎమ్మెల్యే ఓట్లు ఎంతదాకా పోతాయో ఆలోచించనే లేదు. అంత తెలివి నాది!

మిట్టమధ్యాహ్నం, ఎండ కాలేజీ ఆవరణను కాల్చేస్తున్నప్పుడు, గెలుపు వైపు పోతున్న అభ్యర్థి పేరు పక్కన మైనస్ ముప్పైరెండు వేల మూడువందల ముప్పై అని పడింది. బయట ఒకటే కేక. జనాన్ని విడదీయడానికి కట్టిన తాడుకు ఇటు ఒక పక్షం, అటు ఒక పక్షం. నాకు అన్నం తెచ్చిన మా నాన్న, మిషన్ బడిలో పాఠాలు చెప్పే అయ్యవారే, టిఫిన్ క్యారియరు పట్టుకుని సరిగ్గా ఆ తాడు పక్కనే నిలబడి ఉన్నాడు. తాడు తెగితే మొదట నలిగేది ఆయనే.

"ఏందమ్మా ఇది? మా ఓట్లు యాడికి పోయినాయి?" అంటూ ఆ అభ్యర్థి మనుషులు నేను కూర్చున్న గది కిటికీ దగ్గరికి ఎగబడ్డారు. తప్పు నాదేనని, అంకె పట్టే చోటు చాలలేదని నేను చెబుతుంటే వినేవాడు లేడు.

అప్పుడు లేచాడు, ఎదుటి పక్షం తరఫున లోపల లెక్క చూస్తున్న ఏజెంటు. మా ఊరివాడే, వరసకు నాకు మామ. ఆ అభ్యర్థి మనుషులే అంతకు రెండేళ్ల ముందు ఆయన తమ్ముణ్ణి చంపారన్నది ఆ ఆవరణలో తెలియనివాళ్లు లేరు. ఆయన ఊరుకుని ఉంటే చాలు, గొడవ ముదిరి అరగంటలో లెక్కింపు ఆగిపోయేది. ఆయన మాత్రం వరండాలోకి వచ్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, తమ్ముణ్ణి చంపినవాళ్ల ముఖాల్లోకి చూస్తూ చదివాడు.

"ముప్పైమూడు వేల రెండు నూర్ల ఆరు. మీ ఓట్లు యాడికీ పోలేదప్పా, నేను గూడా రౌండు రౌండుకూ ఏసుకుంటాండా. ఆ పాపనేమీ అనొద్దండి."

కేకలు అణిగాయి. ఎదుటివాడి నోటితోనే వచ్చాక ఇక ఎవరు కాదంటారు? నేను ప్రోగ్రాములో ఒక్క మాట మార్చి, మొత్తానికి నాలుగు బైట్లు ఇచ్చి, మళ్లీ నడిపాను. మామ చదివిన అంకే తెర మీదికి వచ్చింది. సాయంత్రానికి ఆ అభ్యర్థే గెలిచాడు, మామ పక్షం ఓడింది. నాన్న అక్కడే, తాడు పక్కనే, చేతిలో క్యారియరుతో. ఆ యంత్రాన్ని, మామను మార్చి మార్చి చూస్తూ ఎంతసేపు కూర్చుండిపోయానో! అప్పటి ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. ఎందుకు చదివావు మామా అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను, అడగకుండానే ఆయన పోయాడు.

మనవరాలు తన తప్పు క్షణంలో దిద్దుకుంది. ఇప్పుడు ఎంత పెద్ద అంకె ఇచ్చినా పడుతుందమ్మమ్మా అంటే, ముప్పైమూడు వేల రెండువందల ఆరు కొట్టమన్నాను. ఇంత చిన్నదా అని నవ్వుతూ కొట్టింది, మైనస్ లేకుండా ఠక్కున వచ్చింది. ఈ రోజుల్లో అంకెలకు చోటుకేమీ కొదవ లేదు. ఎన్నికలు వస్తే టీవీ ముందు ఎవరి అంకెలు వాళ్లు అరుచుకుంటున్నారు, పక్కవాడి అంకెను కాగితం మీద వేసుకుని కూర్చునే మనిషి నాకైతే కనబడలేదు. తెర మీది అంకెను వేలితో చూపించాను. పిల్లకు చెప్పాను, అది మా మామ ఓడిపోతూ చదివిన అంకె అని.